సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డవాళ్లు

మా వదిన, అంటే మా ఆయన అక్క, డాక్టరు. బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ దగ్గర కాపురం. ఈ దేశానికి వచ్చి పాతికేళ్లు దాటింది. ఆస్పత్రిలో ఎంత పెద్ద సర్జన్‌నైనా నిలబెట్టి కడిగేయగలదు గానీ, ఈత బట్టల్లో ఉన్న జనం మధ్య నిలబడమంటే మాత్రం సిగ్గుతో చచ్చిపోతుంది. ఆ సిగ్గే కిందటేడు ఈస్టర్ సెలవుల్లో ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది. దాని వల్లే నేను నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గ పని ఒకటి చేశాను. చెప్పుకోదగ్గది అని నేనే అంటున్నాను. ఎవరో వచ్చి మెచ్చుకునేదాకా ఆగే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు.

మేం ఉండేది సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో. ఆ ఈస్టర్‌కి వదిన, ఆవిడ భర్త అన్నయ్యగారు మా ఇంటికొచ్చారు. మా ఎదురింట్లో రిటైరై కొడుకు దగ్గరుంటున్న అంకుల్, ఆంటీ ఉన్నారు. వాళ్లనీ కలుపుకుని దక్షిణం వైపు ఒక బీచ్‌కి బయల్దేరాం. అందరినీ మెట్ల దగ్గర దింపేసి నేను పార్కింగ్ కోసం వీధులన్నీ తిరిగాను. లాంగ్ వీకెండ్‌లో బీచ్ పక్కన పార్కింగ్ దొరకాలంటే పెట్టి పుట్టాలి. ఒక చేత్తో పులిహోర డబ్బా, ఇంకో చేత్తో పెరుగన్నం డబ్బా మోసుకుంటూ నేను మెట్ల దాకా వచ్చేసరికి మావాళ్లు అప్పటికే నీళ్లలో ఉన్నారు.

ఇక్కడి బీచ్‌లలో ఎరుపు పసుపు జెండాలు రెండు పాతుతారు. వాటి మధ్యే స్నానం చేయాలి. లైఫ్‌గార్డులు కాపలా కాసేది అక్కడే. ఆ రోజు జెండాల మధ్య జనం కిటకిటలాడుతున్నారు. మావాళ్లు అక్కడ లేరు. దూరంగా, ఎవరూ లేని చోట, నడుము లోతు నీళ్లలో నలుగురూ చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. మా ఆయన ఒడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. ఆ చోటు ఎంచింది వదినేనట. జెండాల వైపు ఒక్కసారి చూసి, "అమ్మో, ఆ బట్టల్లేని జనంలోకా? ఇటు చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో. కెరటం కూడా లేదు. మనవాళ్లం మనమే ఉంటాం" అందట.

కెరటం లేని ఆ చోటే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. ఇక్కడ దాన్ని రిప్ అంటారు. అటూ ఇటూ తెల్లగా నురగ విరుగుతుంటే మధ్యలో నల్లగా, నున్నగా, ఎంతో బుద్ధిమంతురాలిలా ఉంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి స్కూల్లోనే చెబుతారు, అది కనిపిస్తే దూరంగా ఉండమని. మనవాళ్లు సిగ్గు కొద్దీ ఏరి కోరి అక్కడికే వెళ్తారు. నేను మెట్ల మీంచి అరిచాను. గాలికి నా అరుపు నాకే వినబడలేదు.

వెనక నుంచి ఒక కెరటం వచ్చి నలుగురి నడుముల మీదా కొట్టింది. అన్నయ్యగారు, అంకుల్, ఆంటీ ముందుకు పడ్డారు. వదిన చెయ్యి జారింది. చూస్తుండగానే ఆవిడ లోపలికి, ఇంకా లోపలికి పోతోంది. కుర్తాలోకి గాలి దూరి బుడగలా ఉబ్బింది. అరవలేదు, చేతులు ఊపలేదు. డబ్బాలు ఎక్కడ పడేశానో కూడా తెలియదు. సర్ఫింగ్ చేస్తున్న కుర్రాడొకడు పలక మీద ఈదుకుంటూ వచ్చి ఆవిడ జబ్బ పట్టుకోకపోతే ఈ కథ ఇలా చెప్పేదాన్ని కాదు. ఒడ్డున కూర్చుని నీళ్లు కక్కుకున్నాక మా వదిన అన్న మొదటి మాట, "నా చున్నీ పోయింది" అని. అందరం ఏడుస్తూ నవ్వాం.

సెలవులయ్యాక ఆఫీస్‌కి వెళ్లాను. అసలు సంగతి అక్కడుంది. నేను పని చేసేది ఒక చిన్న కంపెనీలో. బీచ్‌లలో స్తంభాల మీద కెమెరాలు పెడతారు. ఆ కెమెరాల బొమ్మలు చూసి, ఎవరో ప్రమాదంలో పడబోతున్నారని లైఫ్‌గార్డు ఫోన్‌కి చెప్పేలా కంప్యూటర్‌కి నేర్పడం మా పని. నేను అంతకు కొన్ని నెలల ముందే చేరాను. మేం వెళ్లిన బీచ్‌లో అలాంటి కెమెరా ఒకటుంది. ఇంకా పరీక్షలోనే ఉంది, లైఫ్‌గార్డుల ఫోన్లకి కలపలేదు. ఆ రోజు రికార్డింగ్ తీసి చూశాను.

కంప్యూటర్ తాను గుర్తుపట్టిన ప్రతిదాని చుట్టూ గీత గీసి పేరు రాస్తుంది. జెండాల మధ్య ఉన్నవాళ్లందరి చుట్టూ గీతలున్నాయి, ఈతగాడు, ఈతగాడు అని. దూరంగా ఉన్న సర్ఫర్ల చుట్టూ ఉన్నాయి. ఒడ్డున పరిగెడుతున్న కుక్క చుట్టూ కూడా ఉంది. మావాళ్ల నలుగురినీ కలిపి ఒకే గీత గీసి, పడవ అని రాసింది. చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు కదా, దానికి పడవలా కనబడ్డారు. సరే, నవ్వొచ్చింది. తర్వాత వదిన ఒక్కతే కొట్టుకుపోయే చోటు వచ్చింది. ఆకుపచ్చ కుర్తా నీళ్ల మీద పరుచుకుని ఉంది. దాని చుట్టూ గీత గీసి, నాచు అని రాసింది.

నాచు! నా ఒళ్లు మండిపోయింది. కుక్కని కుక్క అని గుర్తుపట్టిన కంప్యూటర్, మా వదినని నాచు అంది. దాన్ని తిట్టి లాభం లేదని నాకు తెలుసు. నేను చేరకముందు దానికి చూపించిన బొమ్మలన్నీ ఈత బట్టల్లో ఉన్నవాళ్లవే. నీళ్లలో మనిషి అంటే చేతులూ కాళ్లూ వీపూ కనబడేవాడని అది నేర్చుకుంది. పూర్తి బట్టలతో సముద్రంలో దిగే మనిషిని దానికి ఎవరూ చూపించలేదు. చూపించనిది దానికి లేనట్టే లెక్క.

ఆ రికార్డింగ్ పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన తెల్లాయన. మంచివాడే, ఎప్పుడూ గొంతు పెంచడు. బొమ్మ చూసి నిజంగానే బాధపడ్డాడు. తర్వాత మాత్రం, ఇది చాలా అరుదుగా జరిగే విషయం, వచ్చే వేసవికే, అంటే డిసెంబరుకే, నాలుగైదు బీచ్‌లలో కెమెరాలు లైఫ్‌గార్డులకి కలపాలి, ఇప్పుడు కొత్తది నేర్పుతూ కూర్చుంటే ఉన్నది చెడుతుంది అన్నాడు. అరుదా! ఏ లాంగ్ వీకెండ్ అయినా నాతో బీచ్‌కి రండి, ఎంత అరుదో చూపిస్తానన్నాను. మావాళ్లే కాదు, ఏ ఆసియా కుటుంబం చూసినా అంతే, మేం పన్ను కట్టినప్పుడు అరుదుగా కట్టట్లేదే అని కూడా అన్నాను. ఆ మాట కొంచెం ఎక్కువైంది గానీ వెనక్కి తీసుకోలేదు.

చివరికి ఆయన ఒక గడువు పెట్టాడు. వేసవి మొదలయ్యే ముందు లైఫ్‌గార్డులు ఒక ఉదయం మా కంప్యూటర్‌ని బీచ్‌లో పరీక్షిస్తారు. ఆలోగా నేను నేర్పగలిగితే సరే. మాటిమాటికీ ఉత్తుత్తి హెచ్చరికలు చేస్తే వాళ్లు విసుగెత్తి ఫోన్లు కట్టేస్తారు కాబట్టి అది కూడా జరగకూడదు. నేర్పలేకపోతే పాత చూపుతోనే కెమెరాలు మొదలవుతాయి. అంటే ఇంకో వేసవంతా మనవాళ్లు దానికి పడవలూ నాచులూనే. నాకు నిద్ర పట్టకుండా చేసిన సంగతి అదొక్కటే.

మొదట నాకు తోచింది బట్టలు. పాత రికార్డింగులన్నీ జల్లెడ పట్టి, చీరలతో, కుర్తాలతో, జీన్స్‌తో నీళ్లలో ఉన్నవాళ్లని ఏరి, ప్రతి ఒక్కరి చుట్టూ గీత గీసి, బట్టలతో నీళ్లలో ఉన్న మనిషి అని పేరు పెట్టాను. మా టీమ్‌లో ఒకాయన ఆ బొమ్మలకి 'సంప్రదాయ దుస్తులు' అని పేరు పెడదామన్నాడు. ఒక జాతి మనుషుల్ని విడిగా కాపలా కాయడానికా మనం ఉన్నది అని అడిగాను. ఆయన ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు, అయినా ఊరుకోలేదు. పేరు దగ్గర తేడా వస్తే కంప్యూటర్ చూపంతా తేడాగానే తయారవుతుంది.

కంప్యూటర్ నేర్చుకుంది. నేర్చుకుని నా పరువు తీసింది. లైఫ్‌గార్డుల్లో పెద్దావిడ ఒకామె మా పనికి సాయంగా ఉండేది. నలభై దాటిన మనిషి, ఎండకి కాలిన ముఖం, మాట తక్కువ. కొత్త చూపుని ఆవిడ ఫోన్‌కి కలిపి కొన్నాళ్లు చూడమన్నాం. చీర కట్టుకుని ఒడ్డున గొడుగు కింద కూర్చున్నావిడ కనబడినా ప్రమాదం అంటోంది. రాళ్ల మీద పెళ్లి ఫొటోలు దిగుతున్న చైనా పెళ్లికూతుర్ని చూసి ప్రమాదం అంది. బెంచీ మీద ఐస్‌క్రీమ్ తింటున్న తలగుడ్డ ముసలామెని చూసి ప్రమాదం అంది. ఒకరోజు ఆ లైఫ్‌గార్డు నాకు ఫోన్ చేసి, "మీ కంప్యూటర్‌కి చీరలంటే అంత భయమెందుకు?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ ఫోన్ పెట్టేశాక నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారాంతం వదినకి ఫోన్ చేశాను. మామూలుగా కుశలం అడగడానికే. ఆవిడ ఈస్టర్ నాటి సంగతి ఎవరితోనూ ఎత్తేది కాదు, సముద్రం అన్న మాట వస్తే వంట గురించి మాట్లాడేది. ఆ రోజు మాత్రం నా గొంతు విని ఏమైందని నిలదీసింది. చీరల గొడవంతా చెప్పాను.

అంతా విని వదిన అంది, "బట్టలు కాదే పిచ్చిదానా. బట్టలదేముంది? ఆ కెరటం వస్తున్నట్టు నేను అసలు చూళ్లేదు. చూస్తే ఒడ్డుకి పరిగెత్తేదాన్ని కదా. మీ ఆయన ఫోన్ వంకే చూస్తూ నవ్వుతున్నా. సముద్రం నా వెనకాల ఉంది."

పేషెంటు చెప్పేది విని రోగం పట్టుకునే మనిషి, తన రోగం తనే చెప్పింది. నేను మళ్లీ వెళ్లి ఆ బొమ్మలన్నీ చూశాను. సముద్రం తెలిసినవాళ్లు ఎవరూ దానికి వీపు పెట్టరు. మాట్లాడుకుంటున్నా, నవ్వుకుంటున్నా, ఒక కన్ను అటే ఉంటుంది. కెరటం వచ్చే ముందు ఒళ్లు పక్కకి తిప్పి భుజంతో కాచుకుంటారు. తెలియనివాళ్లు ఒడ్డు వైపు తిరిగి ఫొటోకి నవ్వుతుంటారు. కెరటం తగిలేదాకా ఒక్క వెంట్రుక కూడా కదలదు. ముఖాలు కనబడనక్కర్లేదు, అంత దూరం నుంచి కనబడవు కూడా. భుజాలు ఎటున్నాయి, మోకాళ్లు ఎటు వంగాయి, కెరటం దగ్గరికి వస్తున్నా ఒళ్లు తిరిగిందా లేదా. ఇంతే చూడాలి. దానికి తోడు, అటూ ఇటూ నురగ ఉండి మధ్యలో నున్నగా ఉన్న నీళ్లా కాదా అన్నది చూడాలి.

చీర, కుర్తా, తలగుడ్డ, జీన్స్ అన్న పేర్లన్నీ చెరిపేశాను. వాటి చోట ఒకటే పేరు రాశాను, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ మనిషి అని. పేరు మనిషికి కాదు, మనిషి నిలబడ్డ తీరుకి. ఇంగ్లీషులో ఆ పేరు చదివి మేనేజర్, కంప్యూటర్‌కి ఇలాంటిది నేర్పొచ్చా అన్నాడు. కుక్కని గుర్తుపట్టడం నేర్పినప్పుడు ఇదెందుకు నేర్పకూడదన్నాను. బొమ్మలు కావాలి, చాలా కావాలి. రికార్డింగుల్లో ఉన్నవి సరిపోవు. ఒకే మనిషి ఒకసారి సముద్రం వైపు తిరిగి, ఒకసారి ఒడ్డు వైపు తిరిగి, కెరటం ముందూ వెనకా ఎలా ఉంటాడో చూపించాలి. అలాంటివి తీయాలంటే నీళ్లలో దిగే మనుషులు కావాలి.

ఇక నా ప్రతాపం మొదలైంది. ఎదురింటి అంకుల్‌కి చెప్పాను. ఆయన వాకింగ్‌లో కలిసే వాళ్లందరికీ చెప్పాడు. ఆంటీ తన వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కొందరు అనుమానపడ్డారు, మా ఫొటోలు ఎవరికి చూపిస్తావమ్మా అని. ముఖాలు చెరిపేస్తామనీ, కంప్యూటర్ తప్ప ఎవరూ చూడరనీ, ఇష్టం లేకపోతే మానేయొచ్చనీ ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఒకావిడ అంతా విని, బొమ్మలు చూసే కంప్యూటర్ సంగతి సరే గానీ భోజనాలు ఎవరు తెస్తున్నారని అడిగింది. అప్పుడే తెలిసిపోయింది నాకు, జనం వస్తారని.

వదినని నేను రమ్మనలేదు. రమ్మనే ధైర్యం నాకు లేదు. అన్నయ్యగారి దగ్గర విని ఆవిడే టికెట్ కొనుక్కుని వచ్చేసింది.

సెప్టెంబరులో, అంటే ఇక్కడి వసంతం మొదట్లో, ఒక శనివారం పొద్దున. ఎండ ఉంది గానీ నీళ్లు ఐసు. లైఫ్‌గార్డులు జెండాల మధ్యే, రిప్ లేని చోట, తాడు కట్టి అటూ ఇటూ నిలబడ్డారు. పెద్ద లైఫ్‌గార్డు ఈల మెళ్లో వేసుకుని నా పక్కన ఉంది. మనవాళ్లు వచ్చారు చూడండి, రెండు బస్సుల జనంలా. పట్టుచీరలు తప్ప అన్ని రకాల చీరలూ ఉన్నాయి. లుంగీలున్నాయి, పంజాబీ డ్రస్సులున్నాయి. ఒకాయనైతే ఆఫీస్ చొక్కా, బెల్టుతో సహా దిగాడు. నీళ్లు కాలికి తగలగానే ఒక్కొక్కళ్ల గొంతులోంచి వచ్చిన కేకలకి బీచ్‌లో కుక్కలన్నీ మా వైపు తిరిగాయి. ఆంటీ కొంగు నడుముకి దోపి, ముందు నీళ్లు నెత్తిన చల్లుకుని, దణ్ణం పెట్టుకుని, అప్పుడు దిగింది. ఆవిడని చూసి మిగతా ఆడవాళ్లందరూ అలాగే చేశారు.

మా అంకుల్‌కి తనదే హీరో వేషం అన్న నమ్మకం. నేను కెమెరా తయారు అనగానే రెండు చేతులూ పైకెత్తి, కేకలు పెడుతూ, మునుగుతూ తేలుతూ నటించడం మొదలుపెట్టాడు. పెద్ద లైఫ్‌గార్డు చూసి చూసి, నిజంగా మునిగేవాళ్లు ఇలా చేయరు, వాళ్లకి చెయ్యెత్తే ఓపిక కూడా ఉండదు, చప్పుడు లేకుండా పోతారు అంది. ఆ మాట నేను తెలుగులో చెప్పాను. ఎవరూ వదిన వైపు చూడలేదు, చూడకూడదని అందరికీ తెలుసు.

వదిన అప్పటిదాకా ఒడ్డునే ఉంది. అందరికీ టవళ్లు అందిస్తోంది, చలికి వణికేవాళ్లకి టీ పోస్తోంది. ఆ మాట విన్నాక ఫ్లాస్కు పక్కన పెట్టేసి కుర్తా సర్దుకుంది. నేను వద్దు వదినా అన్నాను. "నోర్మూసుకుని కెమెరా చూసుకో" అంది. నీళ్లలోకి నడిచింది. మోకాళ్ల దాకా వెళ్లింది. ఆగింది. మళ్లీ నడిచింది. నడుము లోతుకి వెళ్లి, ఒడ్డు వైపు తిరిగి, సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. మా ఆయన అలవాటుగా ఫోన్ ఎత్తబోయి దించేశాడు. కంప్యూటర్‌కి ఏం కావాలో అది చూపిస్తూ, కెరటం వచ్చి వీపుకి తగిలేదాకా ఆవిడ కదలకుండా నిలబడింది. పెద్ద లైఫ్‌గార్డు కూడా నీళ్లలో దిగి, ఆవిడ పక్కనే తాడు పట్టుకుని ఉంది. తర్వాత వదిన సముద్రం వైపు తిరిగి, మిగతా అందరినీ కేకేసి, ఇలా తిరగాలి, భుజం ఇలా పెట్టాలి అని డాక్టరు గొంతుతో నేర్పడం మొదలుపెట్టింది. ఆవిడకి ఎవరు నేర్పారో అప్పుడు నాకు తెలియదు. బ్రిస్బేన్‌లో తెల్లారగట్ల ఈత క్లాసులకి వెళ్తోందని అన్నయ్యగారు తర్వాత చెప్పారు.

ఆ పూట తీసిన బొమ్మలు బంగారం. వాటికి గీతలు గీసి, పేర్లు పెట్టి, కంప్యూటర్‌కి మళ్లీ మళ్లీ చూపించాను. మొదట్లో తడబడింది. ఒడ్డు వైపు నడిచి వచ్చేవాళ్లని కూడా వీపు పెట్టినవాళ్లు అనేది. నడిచేవాళ్లకీ నిలబడ్డవాళ్లకీ తేడా చూపించాను. నెమ్మదిగా దానికి తెలిసింది. తెలిసింది అన్న మాట వాడకూడదని మా టీమ్‌లో వాళ్లంటారు, అది లెక్కలే కదా అని. వాళ్ల లెక్కలు వాళ్లవి. చీర కట్టి ఒడ్డున కూర్చున్నావిడని వదిలేసి, నున్నటి నీళ్లలో ఒడ్డుకేసి నవ్వుతున్నావిడ చుట్టూ అది గీత గీసిన రోజున, నేను కుర్చీలోంచి లేచి ఆఫీస్ అంతా వినబడేలా చప్పట్లు కొట్టాను.

వేసవి ముందు పరీక్ష జరిగింది. ఆ ఉదయం బీచ్‌లో మనవాళ్లు ఒక్కరు కూడా లేరు. అది నాకు కొంచెం బెంగగానే ఉంది. కంప్యూటర్ మాత్రం ఎక్కడో లోపలి ఊళ్ల నుంచి, సముద్రం ఎరగని పొలాల వైపు నుంచి వచ్చిన ఇద్దరు తెల్ల కుర్రాళ్లని పట్టుకుంది. నిక్కర్లూ టోపీలతో నున్నటి నీళ్లలో దిగి, ఒడ్డున ఉన్న స్నేహితురాలి ఫోన్‌కి నవ్వుతున్నారు. లైఫ్‌గార్డు ఫోన్ మోగింది. ఆవిడ వెళ్లి వాళ్లని బయటికి పిలిచింది. వచ్చి మా మేనేజర్‌తో, ఇది ఉంచండి అంది. అంతే. ఆయన నా భుజం తట్టి, మధ్యాహ్నం అందరికీ కేక్ తెప్పించాడు. మా సిగ్గు కోసం నేర్పినది ఎవరి పిల్లలకో పనికొచ్చింది. ఆ కేక్ ముక్క తింటూ నేను ఎంత మిడిసిపడ్డానో చెప్పను, చెబితే దిష్టి.

జనవరిలో, బడి సెలవుల్లో, మా ఆయనా నేనూ ఆ బీచ్‌కే వెళ్లాం. పని మీద కాదు, ఊరికే. మధ్యాహ్నం అయ్యేసరికి ఎండ మండిపోతోంది. మాకు కాస్త దూరంలో ఒక కుటుంబం కనబడింది. భార్యాభర్తలు, అతని తల్లి, ఐదారేళ్ల పాప. మాట వింటే తెలంగాణ వాళ్లు. పాప చేతిలో ఎర్ర ప్లాస్టిక్ బకెట్ ఉంది. జెండాల వైపు ఒకసారి చూసి, పెద్దావిడ ఏదో అంది, అందరూ పక్కకి నడిచారు. ఎక్కడికి వెళ్తున్నారో నాకు ముందే తెలుసు. నున్నగా ఉన్న చోటికే. లేచి నిలబడ్డాను. వాళ్లు నీళ్లలో దిగి, పాపని మధ్యలో పెట్టుకుని, చేతులు పట్టుకుని, ఒడ్డు వైపు తిరిగారు. భార్య ఒక్కతే ఒడ్డున ఉండి ఫోన్ ఎత్తింది.

నేను పరిగెత్తబోతున్నాను. అప్పటికే లైఫ్‌గార్డు బండి ఇసకలో వస్తోంది. ఫోన్ మోగి ఉంటుంది. బండి మీదున్న ఆవిడ ఈల వేసి, చేతులు ఊపి, బయటికి రండి, జెండాల మధ్యకి వెళ్లండి అని చెప్పింది. వాళ్లు గబగబా ఒడ్డెక్కారు. పాప బకెట్ నీళ్లలోనే వదిలేసింది. పాప తండ్రి తడిసిన ప్యాంటు దులుపుకుంటూ మా పక్క నుంచే వెళ్లాడు.

"ఏందిది, మంచిగ ఖాళీ జాగ చూస్కొని నిలవడితే ఈమెకేం నొప్పి? సరదాగ ఒక్క ఫొటో గూడ దిగనియ్యరు" అంటున్నాడు. వాళ్లమ్మ, పోనీలే బిడ్డా అంటోంది.

నేను మళ్లీ ఇసకలో కూర్చున్నాను. ఆయన ఆ ఈలనీ ఆ లైఫ్‌గార్డునీ తిడుతుంటే, ఆ తిట్లన్నీ నాకే, మా వదినకే, చలిలో దిగిన మా ఆంటీకే అనుకున్నాను. అంత గర్వం నాకు నా చదువుకి రాలేదు, ఉద్యోగానికి రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు పాప వెనక్కి తిరిగి ఏడుపు మొదలుపెట్టింది. ఎర్ర బకెట్ అప్పటికే చాలా దూరం పోయింది. సర్ఫర్లు ఉన్న చోటు దాటి, ఇంకా లోపలికి, మనిషి నడిచే వేగం కంటే వేగంగా పోతోంది. అటు ఎవరూ చూడడం లేదు, పాపా నేనూ తప్ప. వాళ్ల నాన్న పాపని ఎత్తుకుని, తడి జుట్టు చేత్తో తుడిచి, "ఏడ్వకు, రేపు కొత్త బకెట్ కొనిస్త" అన్నాడు.